తల తిప్పితే తెర తిరిగే యంత్రం

సంగారెడ్డి, పటాన్‌చెరు, జిన్నారం ప్రాంతాల వాళ్లకు ఆకాశంలో చిన్న విమానాలు చక్కర్లు కొట్టడం కొత్త కాదు. పటాన్‌చెరుకు ఈశాన్యంగా దుండిగల్‌లో భారత వైమానిక దళ అకాడమీ ఉంది. 1971 నుంచి అక్కడ వైమానిక దళ అధికారులు తయారవుతున్నారు. 2013లో వచ్చిన పిలాటస్ పీసీ-7 అనే స్విట్జర్లాండ్ విమానాల మీద అక్కడి కేడెట్లు తొలి పాఠాలు నేర్చుకుంటారు. పడమటి దిక్కున బీదర్‌లో 2008 నుంచి హాక్ జెట్ విమానాలతో శిక్షణ సాగుతోంది. అంటే రెండు విమాన పాఠశాలల మధ్య మనం ఉన్నామన్నమాట!

ఆ విమానంలో కూర్చున్న కేడెట్ ఏం చేస్తుంటాడు? "స్టిక్ పట్టుకొని నడుపుతుంటాడు" అంటాం. అది నిజమే. కానీ అంతకన్నా ఎక్కువసార్లు చేసే పని ఇంకొకటి ఉంది. అది తల తిప్పి చూడడం. ముందుకు, కుడికి, ఎడమకు, పైకి, రెక్క కిందికి, మళ్లీ లోపల మీటర్ల వైపు. ఈ చూపు కుదరని వాడికి విమానం కుదరదు.

ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడిపే ప్రోగ్రాములను ఫ్లైట్ సిమ్యులేటర్లు అంటారు. మన హాస్టల్ తమ్ముళ్లలో, చెల్లెళ్లలో చాలామంది వీటిని చూసే ఉంటారు. వీటిలో పెద్ద లోపం ఈ చూపు దగ్గరే ఉంది. ఆ లోపాన్ని సరిచేయడానికి వచ్చినవే హెడ్ ట్రాకర్, ఐ ట్రాకర్ అనే పరికరాలు. అవి ఎలా పనిచేస్తాయో, పదో తరగతి లెక్కలతో వాటిని ఎంతవరకు అర్థం చేసుకోవచ్చో, తక్కువ ఖర్చుతో మనమే ఎలా తయారు చేసుకోవచ్చో ఈ వ్యాసంలో చూద్దాం.

అసలు సమస్య ఏమిటి?

మన రెండు కళ్లూ కలిసి అడ్డంగా సుమారు 180 డిగ్రీల మేర చూడగలవు. మరి కంప్యూటర్ తెర? 48 సెంటీమీటర్ల వెడల్పున్న తెరను 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే అది మన కంటి దగ్గర చేసే కోణం 44 డిగ్రీల లోపే. అంటే మన ముందున్న ప్రపంచంలో నాలుగో వంతు మాత్రమే తెరలో పడుతుంది. గోడకు ఉన్న చిన్న కిటికీ లోంచి వీధిని చూసినట్టు ఉంటుంది.

ఇందువల్ల వచ్చే ఇబ్బంది విమానాన్ని దించేటప్పుడు బాగా తెలుస్తుంది. శిక్షణ విమానం రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రం ఆకారంలో తిరిగి దిగుతుంది. గాలికి ఎదురుగా పైకి లేచి, రెండుసార్లు మలుపు తీసుకొని, రన్‌వేకు సమాంతరంగా వెనక్కి వస్తుంది. ఈ భాగాన్ని డౌన్‌విండ్ అంటారు. అప్పుడు రన్‌వే పైలట్‌కు ఎదురుగా ఉండదు, పక్కన ఉంటుంది. ఇంకాస్త ముందుకు పోయాక రన్‌వే మొదలు అతని భుజం వెనక్కి జరుగుతుంది. భుజం మీదుగా వెనక్కి చూసి, అది సుమారు 45 డిగ్రీలు వెనక పడిందని తేల్చుకొని తర్వాతి మలుపు తీసుకోవాలి.

కంప్యూటర్ ముందు భుజం మీదుగా వెనక్కి చూస్తే ఏం కనిపిస్తుంది? మన మంచం, ట్రంకు పెట్టె! అందుకని సిమ్యులేటర్లో మీట నొక్కి దృశ్యాన్ని తిప్పుతారు. కానీ ఒక చేయి స్టిక్ మీద, ఇంకో చేయి ఇంజను మీద ఉండాల్సిన వేళలో మీటలు వెతుక్కోవడం కష్టం. పైగా నిజమైన విమానంలో మెడ చేసే పనిని ఇక్కడ వేలు చేస్తుంది. నేర్చుకోవలసిన అలవాటు అలవడదు. తెర మధ్యలోని మీటర్లను మాత్రమే గుడ్లప్పగించి చూసే అలవాటు మిగిలిపోతుంది.

మెడ పని మెడకే అప్పగించే యంత్రం హెడ్ ట్రాకర్.

తల ఎటు తిరిగిందో కెమెరాకు ఎలా తెలుస్తుంది?

తల కదలికలు ఆరు రకాలు. "లేదు లేదు" అన్నట్టు అడ్డంగా తిప్పడం, "అవునవును" అన్నట్టు నిలువుగా ఊపడం, భుజం వైపు వాల్చడం – ఈ మూడూ తిరగడాలు. ముందుకు వెనక్కి, పైకి కిందికి, పక్కలకు – ఈ మూడూ జరగడాలు. తల ఎక్కడున్నా, ఎటున్నా ఈ ఆరు అంకెలతో చెప్పేయవచ్చు.

ఆరు అంకెలు కనిపెట్టడానికి మూడు చుక్కలు చాలు. టోపీకి మూడు చిన్న పరారుణ దీపాలు అమరుస్తారు. తెర మీద ఉన్న కెమెరా వాటిని మాత్రమే చూస్తుంది. మూడు చుక్కలు కలిస్తే త్రిభుజం. ఆ త్రిభుజం సైజు, ఆకారం, చోటు మారడాన్ని బట్టి కంప్యూటర్ తల కదలికను లెక్కిస్తుంది.

దూరం లెక్క సరూప త్రిభుజాల లెక్కే. రెండు దీపాల మధ్య దూరం 6 సెంటీమీటర్లు అనుకుందాం. తల 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు కెమెరాలో వాటి మధ్య 60 పిక్సెళ్లు ఉన్నాయి. తల ముందుకు వంగి 50 సెంటీమీటర్లకు వస్తే? 60ని 60తో గుణించి 50తో భాగించండి. 72 పిక్సెళ్లు వస్తాయి. కంప్యూటర్ ఇదే లెక్కను తిరగేసి చేస్తుంది. 72 పిక్సెళ్లు కనిపించాయి కాబట్టి తల 50 సెంటీమీటర్ల దూరానికి వచ్చిందని తెలుసుకుంటుంది.

తిరగడానికి త్రికోణమితి కావాలి. తల పక్కకు తిరిగితే ఆ రెండు దీపాల మధ్య కనిపించే దూరం కొసైన్ లెక్కన తగ్గుతుంది. 60 డిగ్రీలు తిరిగితే కొసైన్ విలువ ½ కనుక 60 పిక్సెళ్లు 30 అవుతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తల కుడికి తిప్పినా తగ్గుతుంది, ఎడమకు తిప్పినా తగ్గుతుంది. మరి ఎటు తిరిగినట్టు? అందుకే మూడో దీపాన్ని మిగతా రెండింటి వరుసలో పెట్టరు. రెండు దీపాలు టోపీకి చెరో పక్క ఉంటే, మూడోది ముందుకు పొడుచుకొచ్చిన అంచు మీద ఉంటుంది. తల ఎటు తిరిగితే ముందున్న చుక్క అటు జరుగుతుంది. చిక్కు విడిపోతుంది. "ఈ త్రికోణమితి ఎందుకు పనికొస్తుంది సార్?" అని అడిగేవాళ్లకు ఇదొక జవాబు.

కొంచెం తిప్పితే చాలు

ఇంకో సందేహం రావాలి. తల నిజంగా 90 డిగ్రీలు తిప్పితే తెర కనిపించదు కదా? నిజమే. అందుకే సాఫ్ట్‌వేర్ మన కదలికను పెంచి చూపిస్తుంది. ఉదాహరణకు తల 10 డిగ్రీలు తిప్పితే దృశ్యం 30 డిగ్రీలు, 20 తిప్పితే 90, 30 తిప్పితే 150 డిగ్రీలు తిరిగేలా పెట్టుకోవచ్చు. తల 30 డిగ్రీలు తిప్పినా కళ్లు తెర మీదే ఉంటాయి. రెండు మూడు రోజులు వాడితే ఈ తేడాకు మెదడు అలవాటు పడుతుంది.

మధ్యలో మాత్రం దృశ్యం నిలకడగా ఉండాలి. లేకపోతే మనం ఊపిరి పీల్చినా విమానం ఊగినట్టు ఉంటుంది. అందుకని నేరుగా చూసేటప్పుడు ఒకటి రెండు డిగ్రీల కదలికను లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తారు.

వణుకు తగ్గించడానికి కొన్ని ఫ్రేముల సగటు తీస్తారు. కానీ సగటుకు ధర చెల్లించాలి. మామూలు వెబ్‌క్యామ్ సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. ఆరు ఫ్రేముల సగటు తీస్తే దృశ్యం మన తల కన్నా దాదాపు సెకనులో పదో వంతు వెనకబడుతుంది. మరీ వెనకబడితే తల తిరుగుడు, వికారం మొదలవుతాయి. వణుకూ ఉండకూడదు, ఆలస్యమూ ఉండకూడదు. ఈ రెండింటి మధ్య రాజీ కుదర్చడమే ఈ పరికరాలు చేసేవాళ్ల అసలు పని. అమెరికాలోని నేచురల్‌పాయింట్ కంపెనీ ట్రాక్ ఐఆర్ అనే పరికరంతో 2000 దశకంలో దీన్ని ఇళ్లకు తెచ్చింది. 2009లో వచ్చిన వారి ఐదో నమూనా సెకనుకు 120 ఫ్రేములు తీస్తుంది. దాని ధర 100 డాలర్లకు పైమాటే.

కంటిని కనిపెట్టేది వేరు

తల ఒకవైపు, చూపు ఒకవైపు ఉండవచ్చు. తరగతిలో పుస్తకం వైపు తల పెట్టి కిటికీలోంచి చూసేవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు! చూపును పట్టేది ఐ ట్రాకర్.

ముందుగా ఒక ప్రయోగం చేయండి. దినపత్రికలో ఏదో ఒక పదం మీద చూపు నిలపండి. కళ్లు కదపకుండా అదే వరుసలోని పక్క పదాలు చదవండి. రెండో పదమో మూడో పదమో దాటాక అక్షరాలు అలుక్కుపోతాయి. కన్ను స్పష్టంగా చూసే చోటు చాలా చిన్నది. చేయి చాచి పట్టుకుంటే బొటనవేలి గోరు ఎంత కనిపిస్తుందో దాదాపు అంతే. సుమారు 2 డిగ్రీలు. అందుకే కన్ను ఎప్పుడూ గెంతుతూ ఉంటుంది. చదివేటప్పుడు సెకనుకు మూడు నాలుగు గెంతులు వేస్తుంది.

ఐ ట్రాకర్ కంటి మీదికి మనకు కనిపించని పరారుణ కాంతిని పంపుతుంది. కంటి ముందున్న కార్నియా మీద ఆ కాంతి చిన్న మెరుపు చుక్కగా ప్రతిఫలిస్తుంది. చూపు మారినప్పుడు నల్లని కంటిపాప ఎక్కువగా కదులుతుంది, మెరుపు చుక్క తక్కువగా కదులుతుంది. ఆ రెండింటి మధ్య దూరాన్నీ దిశనూ బట్టి చూపు తెరలో ఎక్కడుందో లెక్కిస్తారు. అందరి కళ్లూ ఒకేలా ఉండవు కనుక మొదట తెర మీది కొన్ని చుక్కలను వరుసగా చూడమంటుంది. ఇలా సరిచూసుకున్నాక కూడా ఒక డిగ్రీ వరకు తేడా ఉండవచ్చు. 60 సెంటీమీటర్ల దూరంలో అది ఒక సెంటీమీటరు. స్వీడన్‌లో 2001లో మొదలైన టోబీ కంపెనీ ఈ పరికరాలకు పేరు పొందింది.

మరి చూపుతోనే దృశ్యాన్ని తిప్పేస్తే సరిపోదా? సరిపోదు. ఎత్తు చూపే మీటర్ వైపు ఒక్కసారి కన్ను వేస్తే ఆకాశమంతా జరిగిపోతుంది! చూసిందల్లా కదలడం భస్మాసురుడి వరం లాంటిది. బూడిద చేయాలని లేకపోయినా ఎవరి తల మీద చేయి పెడితే వారు బూడిదవుతారు. చూడడం వేరు, ఆజ్ఞ ఇవ్వడం వేరు. కన్ను ఈ రెండింటినీ విడదీసి చెప్పలేదు. అందుకే దృశ్యం తిప్పే పనిని ఎక్కువగా తలకే వదిలి, కంటిని తోడుగా వాడుకుంటారు.

నిజమైన యుద్ధ విమానాల్లోనూ తలదే పెత్తనం. 1987లో మన వైమానిక దళంలో చేరిన మిగ్-29లో పైలట్ హెల్మెట్‌కు చిన్న గురి అద్దం ఉంటుంది. అతని తల ఎటు తిరిగిందో కాక్‌పిట్‌లోని సెన్సార్లు పసిగట్టి క్షిపణి కంటిని అటు తిప్పుతాయి. మన టోపీ మీది మూడు దీపాలు ఆ హెల్మెట్‌కు దూరపు చుట్టాలే.

మనం తయారు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. రెండు దారులు ఉన్నాయి.

మొదటి దారిలో ఏమీ తయారు చేయనక్కర్లేదు. ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ పూర్తిగా ఉచితం. ప్రపంచంలోని చాలామంది స్వచ్ఛందంగా కలిసి తయారు చేస్తున్నారు. ఓపెన్‌ట్రాక్ అనే ప్రోగ్రామ్ కూడా ఉచితమే. మామూలు వెబ్‌క్యామ్‌తో ముఖాన్ని చూసి తల కదలికను లెక్కించే పద్ధతి అందులో ఉంది. ఆ లెక్కను ఫ్లైట్‌గేర్‌కు అందిస్తుంది. ముఖం మీద వెలుతురు సమంగా పడాలి. వెనక కిటికీ లేకుండా కూర్చోవాలి.

రెండో దారి దీపాల టోపీ. ఇది ఇంకా నిలకడగా పనిచేస్తుంది. చేతి పని నేర్చుకోవాలనుకునే వాళ్లకు మంచిది. కావలసినవి: పాత వెబ్‌క్యామ్, టీవీ రిమోట్లలో ఉండే రకం పరారుణ ఎల్‌ఈడీలు మూడు, రెసిస్టర్లు మూడు, మూడు పెన్సిల్ సెల్స్, సెల్స్ పెట్టుకొనే డబ్బా, స్విచ్, టోపీ. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ విడిభాగాలన్నీ దొరుకుతాయి.

1. రెసిస్టర్ ఎంత ఉండాలో ఓమ్ నియమం చెబుతుంది. మూడు సెల్స్ కలిస్తే 4.5 వోల్టులు. ఎల్‌ఈడీ సుమారు 1.4 వోల్టులు తీసుకుంటుంది. మిగిలింది 3.1. మనకు కావలసిన కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.02 ఆంపియర్. 3.1ని 0.02తో భాగిస్తే 155 ఓమ్‌లు. దుకాణంలో దానికి పైన సులువుగా దొరికేది 180 ఓమ్‌లు. అది వేస్తే సుమారు 17 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. చాలు. ఒక్కో ఎల్‌ఈడీకి విడిగా ఒక్కో రెసిస్టర్ వేయాలి.

2. ఎల్‌ఈడీ గుండ్రని కొనను సన్నని ఇసుక కాగితంతో రుద్దితే కాంతి అన్ని వైపులకూ పరుచుకుంటుంది. లేకపోతే తల తిప్పగానే చుక్క మాయమవుతుంది.

3. ఎల్‌ఈడీ వెలుగుతోందో లేదో కంటికి తెలియదు. చాలా ఫోన్ల ముందు కెమెరాలో చూస్తే లేత ఊదా రంగులో కనిపిస్తుంది. టీవీ రిమోట్‌తో ముందుగా పరీక్షించి చూడండి.

4. వెబ్‌క్యామ్ కటకం వెనక పరారుణాన్ని ఆపే చిన్న గాజు ముక్క ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా తీయాలి. తర్వాత మామూలు వెలుతురును ఆపడానికి కటకం ముందు ఒక తెర కావాలి. పాత కలర్ ఫిల్మ్ రీలు కడిగాక మొదట్లో నల్లగా మిగిలే ముక్క ఇందుకు పనికొస్తుంది. ఆ రంగు మామూలు కాంతిని ఆపుతుంది, పరారుణాన్ని పోనిస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ పనికిరాదు, అందులోని వెండి రెండింటినీ ఆపేస్తుంది. పాత ఫ్లాపీలోని పల్చని పళ్లెం ముక్క కూడా పనిచేస్తుంది. పాత ఫొటో స్టూడియోల్లో అడగండి.

5. టోపీ మీద దీపాల మధ్య దూరాలు స్కేలుతో కొలిచి ఓపెన్‌ట్రాక్‌లో రాయండి. కొలత తప్పితే లెక్కంతా తప్పుతుంది.

జాగ్రత్తలు కూడా రాసుకోండి. పరారుణ కాంతి కంటికి కనిపించదు కనుక రెప్ప దానంతట అది మూసుకోదు. వెలుగుతున్న ఎల్‌ఈడీని కంటికి దగ్గరగా పెట్టుకొని చూడవద్దు. హాస్టల్ కంప్యూటర్ కెమెరాను విప్పవద్దు, పాతది కొనుక్కోండి. 20 నిమిషాలకు ఒకసారి లేచి మెడ తిప్పండి. వికారం అనిపిస్తే ఆపేయండి. వాడనప్పుడు కెమెరా తీసేయండి. ముఖం, చూపు కూడా మన సొంత సమాచారమే. మనం ఏది ఎంతసేపు చూశామో ఇతరులకు తెలియనక్కర్లేదు.

ఇది ఆట మాత్రమేనా?

కాదు. మన ప్రాంతానికి దీనితో రెండు దగ్గరి సంబంధాలు ఉన్నాయి.

మొదటిది కర్మాగారం. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం వైపు రసాయన పరిశ్రమల్లో కంట్రోల్ రూమ్ ఆపరేటర్ పని కూడా చూపు పనే. తెర మీద పదుల కొద్దీ అంకెలు ఉంటాయి. ఏది ఎప్పుడు చూడాలో తెలియాలి. ఐఐటీ గాంధీనగర్ పరిశోధకులు ఐ ట్రాకర్లతో ఇలాంటి ఆపరేటర్ల చూపును కొలిచి అధ్యయనం చేశారు. అలారం మోగినప్పుడు సమస్యను సరిదిద్దగలిగిన వారి చూపు అసలు సంగతి చెప్పే అంకెల మీద నిలుస్తుంది. తడబడిన వారి చూపు తెరంతా చెదిరిపోతుంది. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడు ఎందరు కార్మికులను బలి తీసుకుందో మనకు తెలుసు. ఆ ఘోరం ఎవరి చూపు లోపం వల్లనో జరిగిందని కాదు నేను అనేది. ఇలాంటి చోట పనిచేయబోయే మన పిల్లలకు చూసే శిక్షణ కూడా ప్రాణం కాపాడే శిక్షణే అని మాత్రం చెప్పవచ్చు.

రెండోది చేతులు. ప్రెస్ మిషన్ల దగ్గర వేళ్లు, చేతులు పోగొట్టుకున్నవారు మనకు తెలిసిన ఇళ్లలోనే ఉండవచ్చు. ఓపెన్‌ట్రాక్ తల కదలికతో మౌస్ బాణాన్ని కూడా నడపగలదు. విండోస్‌లో 2017 నుంచి ఐ ట్రాకర్‌తో నడిచే ఐ కంట్రోల్ వచ్చింది. ఆప్టికీ అనే ఉచిత ప్రోగ్రామ్ తెర మీది అక్షరాలను చూపుతో నొక్కనిస్తుంది. విమానం ఆట కోసం నేర్చుకున్న పని ఒక మనిషికి మళ్లీ ఉత్తరం రాసుకునే శక్తి ఇవ్వవచ్చు. మన సైన్స్ ప్రదర్శనలో పెట్టడానికి ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఏముంటుంది?

ఆట వేరు, ఎగరడం వేరు

చివరగా ఒక మాట. ఇంట్లో సిమ్యులేటర్ మీద ఎన్ని గంటలు గడిపినా పైలట్ లైసెన్సు లెక్కలోకి రావు. కడుపులో తిప్పడం, గాలి కుదుపు, భయం తెరలో ఉండవు. కానీ రన్‌వే చుట్టూ తిరిగే వరుస, మీటర్ల మీద చూపు పంచే పద్ధతి, బయటికి చూసే అలవాటు – ఇవి నేర్చుకోవచ్చు.

నిజంగా ఎగరాలనుకునే వాళ్లకు దారి ఉంది. ఇంటర్మీడియట్‌లో లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఉన్నవాళ్లు యూపీఎస్సీ ఏటా రెండుసార్లు పెట్టే ఎన్‌డీఏ పరీక్ష రాయవచ్చు. 2021 నుంచి ఆడపిల్లలు కూడా రాస్తున్నారు. డిగ్రీ తర్వాత ఏఎఫ్‌క్యాట్ ఉంది. 2016 జూన్ 18న అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా దుండిగల్‌లోనే అధికార హోదా అందుకున్నారు. రంగులు గుర్తించడంలో లోపం ఉంటే ఫ్లయింగ్ శాఖకు తీసుకోరు. కాబట్టి ముందే ప్రభుత్వాసుపత్రిలో కళ్లు పరీక్ష చేయించుకోండి. ఆ లోపం ఉన్నా వైమానిక దళంలో వేరే శాఖలు ఉన్నాయి. పైన చెప్పిన లెక్కలు వచ్చినవాళ్లకు ఇంజనీరింగ్ దారీ ఉంది.

ఖరీదైన పరికరం కొనే స్తోమత లేకపోవడం అడ్డంకి కాదు. మూడు చుక్కలు, ఒక త్రిభుజం, ఓమ్ నియమం మన పాఠ్యపుస్తకాల్లోనే ఉన్నాయి. ఈ సెలవుల్లో ఇద్దరు ముగ్గురు కలిసి మొదలుపెట్టండి. వచ్చే వార్షికోత్సవానికి ఆ టోపీ పెట్టుకొని స్టేజీ మీద విమానం దించి చూపించండి. చూడడానికి పూర్వ విద్యార్థులం అందరం వస్తాం.